రాజు దూకుతాడని నేర్పిన సారు

నేను ఉద్యోగం ముందే ఎందుకు వదిలేశానన్న దానిపై కోరుట్లలో మూడు కథలు తిరుగుతున్నాయి. మూడూ నేను పుట్టించినవే. పాలకేంద్రం దగ్గర అడిగినవాళ్లకు, "నన్ను చదరంగంలో ఓడించే పిల్ల దొరికేదాకా పని చేస్తానని మొక్కుకున్నాను, దొరికింది, దిగిపోయాను" అని చెప్పాను. బస్టాండులో అడిగినవాళ్లకు, నా అరుపులకు జగిత్యాల ఖిల్లా గోడ బీటవారిందనీ, పెద్ద ఆఫీసర్లు వచ్చి బతిమాలారనీ చెప్పాను. మూడోది మా అత్తగారికి చెప్పిన కథ. అది ఇక్కడ రాస్తే ఇంట్లో అన్నం పుట్టదు.

నిజమేమిటంటే, ఇరవై ఆరేళ్లు ఒకటో తరగతికీ రెండో తరగతికీ అరిచి అరిచి నా గొంతులో కాయలు కట్టాయి. డాక్టరు వీలైనంత తక్కువ మాట్లాడమన్నాడు. చిన్న పిల్లల పంతులు తక్కువ మాట్లాడి ఏం చేస్తాడు? యాభై ఒకటో ఏట కాగితం పెట్టి ఇంటికొచ్చాను.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ముగ్గురు టీచర్లు చూడటానికి వచ్చారు. అందులో ఒకమ్మాయి అడిగింది: "సార్, చిన్న పిల్లలకు చదరంగం నేర్పితే చదువు మంచిగ అత్తదంటరు కదా. మీరు ఏండ్లకేండ్లు నేర్పిన్రు. నిజమేనా?"

నోరు తెరిచాను. మాట రాలేదు. ఈసారి తప్పు గొంతుది కాదు. ఇరవై ఆరేళ్ల తర్వాత కూడా ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. తెలిసినంతవరకు రాస్తాను, మీరే తేల్చుకోండి.

కరెంటు పోయినప్పుడు ఆడిన ఆట

నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో. మా వాడలో ఇంటికో మరమగ్గం ఉండేది, మేం సాంచె అంటాం. సాంచెలు నడుస్తున్నంతసేపు పక్కవాడి మాట వినపడదు, అంతా చేతి సైగలే. కరెంటు పోగానే వాడంతా ఒక్కసారి మూగబోయేది. అప్పుడు పక్కింటి నర్సయ్య తాత తన సాంచె వదిలి, అరుగు మీద సుద్దతో గీసిన గళ్ల ముందు కూర్చునేవాడు. నేనెదురుగా. కరెంటు రాగానే ఆయన లేచి పరుగు. అందుకే చిన్నప్పుడు నేను ఒక్క ఆట కూడా చివరిదాకా చూడలేదు. చదరంగంలో ఒకరు గెలిచి ఒకరు ఓడతారన్న సంగతి పెద్దయ్యాకగానీ నాకు తెలియలేదు. (ఇందులో కొంచెం అతిశయోక్తి ఉంది. కొంచెమే.)

ఆయన ఒక నియమం నేర్పాడు. ఆట మొత్తంలో ఒక్కసారి, ఇంకా చెక్ పడకముందు, రాజు గుర్రంలా దూకవచ్చు.

"ఎందుకు తాతా?"

"రాజు గదరా! పానం మీదికచ్చినప్పుడు ఒక్కసారన్న దుంకకుంటే గాడు రాజేంది?"

నాకు సబబుగానే అనిపించింది. అది ఊళ్లలో ఆడే పాత పద్ధతి అనీ, పోటీల్లో చెల్లదనీ నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. నా వృత్తి జీవితంలోని అతి పెద్ద పొరపాటు ఆ అరుగు మీద మొదలైంది.

వెంకట్రాజం సారు చెప్పిన మాట

నా మొదటి బడి బోయినపల్లి మండలంలో. రెండో తరగతి. ఆ పిల్లలను కూర్చోబెట్టడమంటే తూనీగలను సంచిలో పోయడమే. ఒక మధ్యాహ్నం విసిగిపోయి నేల మీద అరవై నాలుగు గళ్లు గీసి, సీసా మూతలతో చదరంగం మొదలుపెట్టాను.

రెండే నియమాలు పెట్టాను. ఒకటి, ముట్టుకున్న కాయనే జరపాలి. రెండు, ఆలోచిస్తున్నంతసేపు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, చేతుల మీద కూర్చోవాలి. చేతులు బయట ఉంటే అవి బుర్ర కన్నా ముందే పరుగెత్తుతాయి. ఈ రెండో నియమం ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంతం. కావాలంటే వాడుకోండి.

ఆ ఏడు చివర మా పిల్లలు కూడికలు, తీసివేతలు బాగా చేశారు. మండల సమావేశంలో లేచి, ఇదంతా చదరంగం మహిమేనని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఒంటె నడక నేర్చిన పిల్లవాడికి ఎక్కాలు వాటంతటవే వస్తాయన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, మా హెడ్మాస్టరు వెంకట్రాజం సారు తప్ప. బయటికొచ్చాక స్కూటరు స్టాండు తీస్తూ అన్నాడు:

"ఆట నేర్పితే ఆటత్తది. లెక్క నేర్పితే లెక్కత్తది. గంతే."

"మరి మా పోరగాండ్లకు లెక్కలెట్ల అచ్చినయి సార్?"

"ఎట్లత్తయి? ఆట పేరు మీద నువ్వు పొద్దుగాల జల్ది అత్తున్నవు, గంట కొట్టినంక గూడ పోతలెవ్వు. ఒక్కొక్కని పక్కన కూసుండి 'ఎందుకు జరిపినవు రా' అని అడుగుతున్నవు. లెక్కలప్పుడు గూడ గట్లనే అడగవడితివి. సీసా మూతలు లేకున్నా అచ్చేటియే."

కోపం వచ్చింది. ఆయనకు ఆట రాదు కాబట్టి కుళ్లు అనుకున్నాను. సిరిసిల్లదాకా బస్సులో ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. దిగేటప్పుడు మాత్రం, ఆయన చెప్పింది నిజమైతేనో అన్న పురుగు బుర్రలో దూరింది. అది ఇప్పటికీ బయటికి పోలేదు.

పైఅధికారుల గురించి ఒక్కమాట. మిమ్మల్ని పొగిడేవాళ్లు మీ తరగతి గదిలోకి రారు. వెంకట్రాజం సారు రోజూ కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. అలాంటివాడు దొరికితే తిట్టుకోండి, కానీ బదిలీ పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను.

ఒంటె దుబాయ్ నుంచి వచ్చింది

చివరి బడి ఇబ్రహీంపట్నం మండలంలో. చుట్టూ వరి, పసుపు. రెండో తరగతిలో సగం మంది పిల్లల తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడ కాయల నడకలు కథలుగా చెప్పేవాణ్ని. ఏనుగు నేరుగానే ఎందుకు నడుస్తుంది? ఒకసారి జగిత్యాల ఖిల్లా దర్వాజాలో అడ్డంగా తిరగబోయి ఇరుక్కుంది, అప్పటి నుంచి బుద్ధి వచ్చింది. ఒంటె మూలగా ఎందుకు పోతుంది? దుబాయ్ నుంచి వచ్చింది, ఇసుక కాలుతుందని అడుగు వంకరగా వేయడం అలవాటైంది. పిల్లలు నమ్మారు. ఒకడైతే వాళ్ల నాన్నకు ఫోన్ చేసి ఒంటెల నడక చూసి చెప్పమన్నాడు.

ఆ తరగతిలో అక్షిత ఉండేది. ఏడేళ్లు. అక్షరాలు కొన్ని గుర్తుపట్టేది, రెండు అక్షరాలు కలిపి చదవమంటే నేల చూసేది. తల్లి లావణ్య బీడీలు చుడుతుంది. తండ్రి గంగాధర్ దుబాయ్‌లో. దసరా సెలవులయ్యాక ఒకరోజు లావణ్య బడికొచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఏందమ్మా?"

"మా ఆయన జూన్‌ల దీన్ని కరీంనగర్ హాస్టల్ల ఏత్తమంటున్నడు సారూ. గీ బడిల చదువత్తలేదట. మా మరిదికి గూడ చెప్పిండు తోల్కపొమ్మని. ఏడేండ్ల పిల్ల. నా పక్కకు లేకుంటే కన్నుగూడ ముయ్యదు. నాకేమో అది లేకుంటే…" అని ఆగిపోయింది. "నేను చెప్తే ఇంటలేడు. మీరన్న చెప్పుండ్రి."

చెప్పాను. ఫోన్ తీసుకుని గంగాధర్‌తో, "ఆరు నెలలియ్యి. నేను చదరంగం నేర్పుతున్న. గది వచ్చిన పిల్లకు చదువు రాకుండ ఉండదు. ఎండకాలం వరకు పేపర్ చదువుతది" అన్నాను. "సరే సారూ, మీ మాట మీద ఆగుతున్న" అన్నాడు.

అప్పటిదాకా నా కథలకు ఎవరూ ఏదీ పందెం పెట్టలేదు. ఇప్పుడొక తల్లి పెట్టింది.

సిపాయిని జరపని పిల్ల

కాయల నడకలన్నీ అక్షిత ఒక్కరోజులో పట్టేసింది. కానీ సిపాయిలను, అంటే బంట్లను, ముట్టేది కాదు. గుర్రాలతోనే తిరిగేది, వాటిని పోగొట్టుకునేది, ఓడిపోయేది. వారమంతా ఇదే తంతు. "ముందుచూపు లేదు" అని నా పుస్తకంలో రాసుకున్నాను. అలాంటి మాటలు రాసుకునే అలవాటు ఉంటే మానుకోండి. రాసినవాడికే ముందుచూపు లేదని తర్వాత తేలుతుంది.

ఒకరోజు పక్కన కూర్చుని అడిగాను. "సిపాయిని ఎందుకు జరుపుతలెవ్వు బిడ్డా?"

చాలాసేపు చేతుల మీద కూర్చుంది. తర్వాత అంది: "సిపాయి పోతే ఎన్కకు రాడన్నరు కదా సార్."

అన్నాను. నియమం అదే. తండ్రి వెళ్లి మూడేళ్లయిన పిల్లకు ఆ నియమం ఎలా వినపడుతుందో నాకు తట్టలేదు. అక్కడికక్కడే చెప్పాను: "రాడు. కానీ చివరి గడిదాక పోయిండనుకో, మంత్రి ఐతడు. మంత్రి ఎటైనా పోవచ్చు, ఎన్కకు గూడ రావచ్చు."

"నిజంగనా?"

"నిజంగ."

ఆ రోజు నుంచి ఆమె ఆట మారిపోయింది. గుర్రం పోయినా, ఏనుగు పోయినా, ఒక్క సిపాయిని మాత్రం ప్రాణంలా చివరిదాకా తీసుకెళ్లేది. మూడు నెలల్లో బడిలో ఆమెను ఓడించేవాళ్లు లేరు, నాతో సహా. పాలకేంద్రం కథలో ఈ ముక్క నిజమే.

చదువు? అక్కడే ఉంది. గళ్ల మీద నాలుగు ఎత్తులు ముందు చూసే పిల్ల, 'పలక' అన్న మాట చూసి నేల చూపులే చూసేది. నాకేమీ అర్థం కాలేదు. ఒక గదిలో దీపం వెలిగిస్తే పక్క గది కూడా వెలుగుతుందని అందరికీ చెప్పినవాణ్ని నేను. మధ్యలో గోడ ఉందని వెంకట్రాజం సారు ముందే చెప్పాడు.

జగిత్యాల హాల్లో

చలికాలంలో జగిత్యాలలో చిన్న పిల్లల పోటీ పెట్టారు. చదువు సంగతి ఎలాగూ తేలడం లేదు, కనీసం కప్పు గెలిస్తే గంగాధర్ మెత్తబడతాడేమోనని అక్షితను, లావణ్యను తీసుకెళ్లాను.

మూడు ఆటలు గెలిచింది. నాలుగో ఆటలో రాజు చుట్టూ ముప్పు కమ్ముకుంది. చేతుల మీద కూర్చుంది. ఆలోచించింది. తర్వాత రాజును తీసి గుర్రంలా దూకించింది. ఎదుటి పిల్లవాడు చేయి ఎత్తాడు. రిఫరీ వచ్చింది, కాలేజీ అమ్మాయి, నెమ్మదస్తురాలు.

"రాజు గట్ల దుంకడు చిట్టీ."

"దుంకుతడు. ఒక్కసారి. నాకింక చెక్ పడలే."

"గట్లెవరు చెప్పిన్రు?"

అక్షిత వేలు నా వైపు తిరిగింది. హాలంతా నా వైపు చూసింది. జీవితంలో మొదటిసారి నాకు కథ దొరకలేదు. "మా… సిరిసిల్లల దుంకుతడు" అన్నాను. ఘొల్లున నవ్వారు. రిఫరీ మాత్రం నవ్వలేదు. గోడకు అంటించిన కాగితం చూపించి, "నియమాలన్నీ గీడ రాసున్నయి సార్" అంది.

రాజును వెనక్కి పెట్టారు. ముట్టిన కాయనే జరపాలి కదా, రాజునే జరపాల్సి వచ్చింది. ఉన్నది ఒకటే గడి. రెండు ఎత్తుల్లో ఆట ముగిసింది.

అక్షిత ఏడవలేదు. తిన్నగా గోడ దగ్గరికి పోయి ఆ కాగితం ముందు నిలబడింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది. తర్వాతి ఆటకు పేరు పిలిచారు. కదల్లేదు. మళ్లీ పిలిచారు. కదల్లేదు. వచ్చేముందు రిఫరీని అడిగి ఆ కాగితం ఇంకొకటి తెచ్చి జేబులో పెట్టుకున్నాను.

బస్సులో తల్లి ఒళ్లో కూర్చుని నన్ను విచారణ చేసింది.

"ఒంటె దుబాయ్‌లకెల్లి అచ్చిందా సార్?"

"…లేదు బిడ్డా."

"ఏనుగు దర్వాజల ఇరికిందా?"

"లేదు."

"మరి సిపాయి మంత్రి ఐతడా?"

"అది నిజం. ఒట్టు."

"ఏడ రాసుంది?"

లావణ్య, "సారును గట్ల అడుగుతరా" అని కసిరింది. నేను జేబులోంచి కాగితం తీసి, చదివి వినిపించబోయాను. అక్షిత లాక్కుంది.

"మీరు చదువద్దు."

ముగ్గురు సాక్షులు

తర్వాత జరిగింది నేను నేర్పింది కాదు. ఆ పిల్ల కాగితం పట్టుకుని ఊరంతా తిరిగింది. ఎవరినీ మాట చదవమని అడిగేది కాదు. ఒక్క అక్షరం మీద వేలు పెట్టి, "గిదేంది?" అనేది. అదే అక్షరాన్ని నన్నడిగి, బడిలో వంట చేసే ఎల్లవ్వను అడిగి, తల్లిని అడిగేది. ముగ్గురూ ఒకటే చెబితే ఒప్పుకునేది. ఎల్లవ్వ ఒకరోజు గరిటె పట్టుకుని నా మీదికి వచ్చింది.

"నువ్వేం జేసినవో ఏమో సారూ, గీ పొల్ల నన్ను నమ్ముతలేదు! ముప్పయ్యేండ్ల సంది 'మ'ను 'మ' అనే అంటున్న!"

తరగతిలో మిగతా పాఠాలు ఎప్పటిలాగే సాగాయి. నేను ఏమీ అనలేదు. భయం వేసింది, నేను ముట్టుకుంటే ఆగిపోతుందేమోనని. నేనూ చేతుల మీద కూర్చున్నాను.

శుక్రవారం ఫోన్

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం లావణ్య ఫోన్ పట్టుకుని బడికొచ్చింది. దుబాయ్‌లో ఆ రోజు సెలవు. వీడియోలో గంగాధర్, వెనకాల ఒకదాని మీద ఒకటి మంచాలు, ఆరేసిన చొక్కాలు.

"సారూ, నమస్తే. ఏమనుకోకుండ్రి. ఆరు నెలలంటిరి, ఐపోయినయి. పోటీల గెల్వలేదంట. మా తమ్ముడు హాస్టల్ల మాట్లాడి పెట్టిండు."

నా నాలుక మీదికి అప్పటికే నాలుగు కథలు వచ్చాయి. అక్షిత తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"డాడీ, రాజు గుర్రమోలె దుంకుతడా?"

గంగాధర్ నవ్వాడు. "దుంకుతడు బిడ్డా, ఒక్కసారి. మీ తాత గట్లనే నేర్పిండు నాకు."

"మీరందరు గంతే. ఉండు, చెప్త."

మడతలు పడి అంచులు చిరిగిన కాగితం సంచిలోంచి తీసింది. వేలు పెట్టింది.

"రా…జు… ఏ… వై…పై…నా… ఒక్క… గ…డి… మా…త్ర…మే… క…దు…లు…తా…డు." ఊపిరి తీసుకుంది. వేలు కిందికి జారింది. "సి…పా…యి… చి…వ…రి… గ…డి…కి… చే…రి…తే… మం…త్రి…గా… మా…ర…వ…చ్చు."

ఎంతసేపు పట్టిందో తెలియదు. గంగాధర్ కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. చదవడం అయ్యాక తల ఎత్తి అడిగింది: "మంత్రి ఎన్కకు గూడ రావచ్చు డాడీ. గది గూడ రాసుంది. చదవాల్నా?"

"చదువు బిడ్డా." చదివింది. "ఇంకోసారి చదువు" అన్నాడు. మళ్లీ చదివింది.

తర్వాత, "లావణ్యా… తమ్మునికి నేను ఫోన్ చేత్త తియ్యి. ఇప్పుడైతే ఈడనే ఉండనియ్యి" అన్నాడు. లావణ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని వరండాలోకి పోయింది. గంగాధర్ నన్ను పిలిచాడు.

"సారూ, మీరన్నట్టే అయింది. చదరంగం తోనే అచ్చింది కదా?"

అవునంటే అయిపోయేది. ఇన్నేళ్లుగా అదే కదా చెబుతున్నాను.

"తెల్వదు గంగాధర్" అన్నాను.

ఆ ముగ్గురు టీచర్లకు

చదరంగం ఆడిన పిల్లలు ఆగడం నేర్చుకుంటారు, ఓడి చేయి కలపడం నేర్చుకుంటారు, ఎందుకు చేశావంటే జవాబు చెప్పడం నేర్చుకుంటారు. ఇవి నా కళ్లతో చూశాను, వీటికి పూచీ నాది. చదువు, ఎక్కాలు కూడా వాటంతటవే వస్తాయని ఎవరైనా అంటే, నా ఉపన్యాసం గుర్తు తెచ్చుకోండి. ఆటను నేర్పండి, చదువునూ నేర్పండి. రెంటి మధ్య దారి ఉందో లేదో పిల్లలకే తెలుసు, వాళ్లు మనకు చెప్పరు.

అక్షిత ఇప్పుడు ఐదో తరగతి. లావణ్య కోరుట్ల సంతకు వచ్చినప్పుడు మా ఇంట్లో దించి పోతుంది. నేను ఏ కథ మొదలుపెట్టినా, "ఏడ రాసుంది సార్?" అంటుంది. అందుకే ఇది రాశాను. మొన్న వచ్చినప్పుడు ఈ కాగితాలు ఇచ్చాను. గడగడా చదివేసింది.

"ఖిల్లా గోడ సంగతి అబద్ధం" అంది.

"అవును."

"ఇంకోటి. నాకు చదువు చదరంగంతోని అచ్చిందా, మీ అబద్ధాలతోని అచ్చిందా? గది రాయనే లేదు."

"తెల్వక రాయలేదు బిడ్డా. నీకు తెలుసా?"

కాగితాలు పక్కన పెట్టింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఆలోచిస్తూ కూర్చుంది. ఎదురుగా నేనూ కూర్చున్నాను.